మూడు గ్రాఫిక్స్ కార్డులు, ఒకే ఎస్‌ఎమ్‌పీఎస్: రైజర్‌కి సాటా వైరు పెట్టొచ్చా?

ఒంగోలు రెండర్

అన్నలకి నమస్కారం. మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు వైపు. పగలంతా బిల్డర్లకి ఇళ్ల ఎలివేషన్లు, ఇంటీరియర్లు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసిస్తుంటాను. పని అయ్యాక అదే సిస్టమ్ మీద గేములు. ఇన్నాళ్లూ ఒక్క ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డుతోనే నెట్టుకొచ్చాను. బిల్డర్లు ఇప్పుడు బొమ్మతో ఊరుకోవడం లేదు, వీడియో కావాలంటున్నారు. ఇంటి చుట్టూ కెమెరా తిరిగి గేటు దగ్గర ఆగాలి, కార్ పార్కింగ్‌లో ఇన్నోవా ఉండాలి. ఒక్క కార్డుతో అది తెల్లారినా తెమలదు.

అందుకని నెల్లూరులో ఒకాయన పాత క్రిప్టో కాయిన్ల మైనింగ్ సామాను తీసేస్తుంటే 3060 కార్డులు రెండు తెచ్చుకున్నాను. ఒక్కోటీ 12 జీబీ. విడివిడిగా పెట్టి చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. మూడూ ఒకేసారి పెట్టడం దగ్గరే చిక్కొచ్చింది.

బోర్డు బీ550, ప్రాసెసర్ రైజెన్ 5 5600. పై స్లాట్‌లో టీఐ కూర్చుంది. అది రెండున్నర స్లాట్ల లావు. దాని కింద ఇంకో పొడుగు స్లాట్ ఉంది గానీ అందులో కార్డు పెడితే టీఐ ఫ్యాన్లకి గాలి ఆడదు. అట్టడుగున చిన్న ఎక్స్1 స్లాట్ ఒకటుంది. కాబట్టి పొడుగు స్లాట్ నుంచి రిబ్బన్ రైజర్‌తో (రైజర్ అంటే కార్డుని స్లాట్‌కి దూరంగా పెట్టుకునే పొడిగింపు) ఒక కార్డు, చిన్న స్లాట్ నుంచి యూఎస్‌బీ వైరు రైజర్‌తో ఇంకో కార్డు, రెండింటినీ క్యాబినెట్ బయట ఫ్రేము మీద నిలబెడదామని ఆలోచన.

ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) 850 వాట్లు, గోల్డ్ రేటింగ్, మాడ్యులర్, అంటే వైర్లు విడిగా తగిలించుకునే రకం. గ్రాఫిక్స్ కార్డు వైర్లు రెండొచ్చాయి, ఒక్కోదానికి రెండేసి తలలు. యూఎస్‌బీ రైజర్ డబ్బాలో ఒక పొట్టి వైరు ఉంది, ఒక పక్క సిక్స్ పిన్, ఇంకో పక్క సాటా. కొన్న షాపాయన "అందరూ ఇదే పెడతారు, ఏం కాదు" అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. హార్డ్ డిస్కుకి పెట్టే పిన్ను ఇంత కార్డుకి సరిపోతుందా?

ఇంట్లో పాత 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి ఖాళీగా ఉంది. మూడో కార్డు దాని మీద నడపొచ్చా? మా నాన్నగారేమో ఇదంతా చూసి ఏసీ ప్లగ్గులో పెట్టమంటున్నారు, ఇల్లు కాలిపోతుందని ఆయన టెన్షన్. ఆయనకి సమాధానం చెప్పేలాగా ఎవరైనా వివరంగా రాయండన్నా.

---

కావలి గేమర్

బ్రో, ముందు ఒక మాట. రాత్రి గేములన్నావు కాబట్టి చెప్తున్నా, మూడు కార్డులూ కలిసి గేము నడుపుతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. గేముకి కార్డుల్ని కలిపి నడిపే ఎస్‌ఎల్ఐ కథ ఎప్పుడో ముగిసింది. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకి మాత్రమే కార్డుల్ని కలిపే ఎన్వీలింక్ ఇచ్చారు, 40 సిరీస్‌కి వచ్చేసరికి అదీ పీకేశారు. 3060కి అసలు ఆ పళ్లే లేవు. 2021 జనవరి నుంచి పాత కార్డులకి కూడా కొత్త ఎస్‌ఎల్ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం ఎన్విడియా ఆపేసింది.

గేము టీఐ మీదే నడుస్తుంది. మానిటర్ వైరు కూడా టీఐకే పెట్టు. బ్లెండర్‌లో బొమ్మ రెండర్ చేసే సైకిల్స్ ఇంజిన్ మాత్రం మూడింటినీ వాడుకుంటుంది, దానికి ఎస్‌ఎల్ఐతో పనిలేదు. మెమరీ కలవదు, అది గుర్తుంచుకో. 8, 12, 12 కలిపి 32 అయిపోదు, సీను మొత్తం ప్రతి కార్డులోనూ విడిగా ఎక్కుతుంది.

వైర్ల సంగతి నాకు పెద్దగా తెలీదు. స్టోన్‌హౌస్‌పేట అన్న చూస్తే చెప్తాడు.

---

స్టోన్‌హౌస్‌పేట వైండింగ్

చూశాలే. కొట్లో పని తెమిలేసరికి ఈ టైమయింది.

అబ్బాయ్, నువ్వు షాపాయన మాట నమ్మకపోవడం మంచిదైంది. ఆ పొట్టి వైరు ముందు డబ్బాలోంచి తీసి అవతల పడెయ్. కారణం చెప్తా, మీ నాన్నగారికి చదివి వినిపించు.

అందరూ 850 వాట్లు సరిపోతాయా అని అడుగుతారు. సరిపోతాయి. టీఐ 200, 3060లు చెరో 170, ఈ మూడూ కలిపి 540. ప్రాసెసర్ ఎంత గింజుకున్నా 76. బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు ఓ 50 వేసుకో. 670 లోపే. కాబట్టి లెక్క వాట్ల దగ్గర తప్పడం లేదు. ఆ వాట్లు ఏ వైరు మీద, ఏ పిన్ను గుండా పోతున్నాయన్నది చూడాలి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దదైతే ఏంది, ఇంటికొచ్చే సర్వీసు వైరు సన్నదైతే కాలేది అదే కదా.

గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైన పెట్టే ఎయిట్ పిన్, దాని లెక్క 150 వాట్లు. రెండోది కింద స్లాట్ పళ్ల గుండా. పొడుగు స్లాట్ ఇవ్వాల్సింది అంతా కలిపి 75 వాట్లు. అందులో 12 వోల్టుల మీద ఐదున్నర యాంపియర్లు, అంటే 66 వాట్లు. మిగతాది 3.3 వోల్టుల మీద. ఎయిట్ పిన్ పెట్టేశాం కదా, ఇంక స్లాట్ నుంచి ఏం లాగదులే అనుకుంటారు చాలామంది. లాగుతుంది. 2016లో ఏఎండీ ఆర్ఎక్స్ 480 వచ్చినప్పుడు ఆ కార్డు స్లాట్ నుంచి 75 దాటి లాగుతోందని కొలిచి చూపించారు. జులైలో ఏఎండీ వాళ్లు డ్రైవర్ మార్చి దాన్ని తగ్గించాల్సి వచ్చింది.

ఇప్పుడు నీ యూఎస్‌బీ రైజర్ సంగతి. అది యూఎస్‌బీ కాదు, ఆ వైరు ఆకారం మాత్రమే వాడుకున్నారు. లోపల పోయేది పీసీఐఈ, అంటే స్లాట్‌కీ కార్డుకీ మధ్య నడిచే డేటా. కాబట్టి ఆ వైరుని కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పొరపాటున కూడా గుచ్చొద్దు. కార్డుకి స్లాట్ ఇవ్వాల్సిన కరెంటు ఆ వైరులో రాదు. రైజర్ పలక మీదున్న సిక్స్ పిన్ నుంచో, మోలెక్స్ (పాత డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల తల) నుంచో, సాటా నుంచో వస్తుంది. 3.3 వోల్టులు కూడా ఆ పలక మీదున్న చిన్న సర్క్యూట్ 12 నుంచే తయారు చేసుకుంటుంది. అంటే స్లాట్ భారమంతా నువ్వు పెట్టే ఆ ఒక్క పిన్ను మీద పడుతుంది.

సాటా పిన్నులో 12 వోల్టులకి ఉన్నవి మూడు సన్నని రేకులు. రేకుకి ఒకటిన్నర యాంపియర్. మొత్తం నాలుగున్నర, అంటే 54 వాట్లు. స్లాట్ అడగగలిగింది 66. ఇక లెక్క నువ్వే చూసుకో. మామూలుగా 40 దగ్గర లాగుతుందిలే అని వాదించేవాళ్లున్నారు. ఒక గంట గేమాడి ఆపేసేవాడికి అది చెల్లుతుందేమో. నువ్వు రెండర్ పెట్టి పడుకుంటావు. రాత్రంతా ఒకే లోడు, పైగా మన ఎండాకాలం.

నేను మోటార్లు కట్టేవాణ్ణి. కాయిన్ల పిచ్చి నడిచినప్పుడు కుర్రాళ్లు కాలిన రైజర్లు పట్టుకొచ్చి "అన్నా, సోల్డర్ చేసిపెట్టు" అనేవాళ్లు. చూస్తే రైజర్ పలక శుభ్రంగా ఉండేది, సాటా తల మాత్రం గోధుమరంగు తిరిగి, రేకుల దగ్గర ప్లాస్టిక్ జారిపోయి ఉండేది. ఎక్కువగా పోయేవి వైరు మీద ప్లాస్టిక్ పోసేసిన తలలు. వాటిలో వైరు లోపల ఎలా అతికిందో బయటికి తెలీదు. రేకులు గుచ్చి బిగించే రకం కాస్త నయం. అయినా రైజర్‌కి ఆ రెండూ వద్దు. మోలెక్స్ పిన్ను లావు, సాటా కంటే ఎంతో మేలు. కానీ నీకు దాంతో కూడా పనిలేదు.

ఎందుకంటే నీ దగ్గర నాలుగు తలలున్నాయి. కార్డులకి మూడు పోగా ఒకటి మిగిలింది కదా. అది సిక్స్ ప్లస్ టూ రకమే అయి ఉంటుంది. ఆ రెండు పిన్నులూ పక్కకి తీసి, సిక్స్‌ని నేరుగా రైజర్‌కి పెట్టు.

ఏ వైరుకి ఏది తగిలించాలన్నది కూడా చూసుకో. టీఐ పైనుంచి 150 దాకా లాగుతుంది. 3060లు చెరో 125 అనుకో. రైజర్ ఓ 45. టీఐ, ఒక 3060 ఒకే వైరు మీద పెడితే ఆ వైరు మీద 275, రెండోదాని మీద 170. అలా వద్దు. టీఐ, రైజర్ ఒక వైరుకి, రెండు 3060లు ఇంకో వైరుకి పెట్టు. 195, 250 అవుతుంది. నీ ఎస్‌ఎమ్‌పీఎస్ వెనకాల గ్రాఫిక్స్ కార్డు సాకెట్ ఇంకొకటి ఖాళీగా ఉంటే, ఆ కంపెనీది, ఆ మోడల్‌కే సరిపడే వైరు ఇంకొకటి తెప్పించుకుంటే ఇంకా హాయి.

ఆ మోడల్‌కే అని ఎందుకంటున్నానంటే, మాడ్యులర్ వైరుకి కార్డు వైపు పిన్నులు ఏ కంపెనీకైనా ఒకటే. ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు ఎవడిష్టం వాడిది. తల సరిగ్గా దూరుతుంది, క్లిప్పు కూడా పడుతుంది, కానీ గ్రౌండ్ ఉండాల్సిన చోట 12 వోల్టులు ఉండొచ్చు. స్విచ్ వేసిన క్షణంలో కార్డు పోతుంది. ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ తేడాలున్నాయి.

ఇంక రిబ్బన్ రైజర్. అది బోర్డు స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. బోర్డుకి ఆ 12 వోల్టులు 24 పిన్నుల లావు తల నుంచి వస్తాయి. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. అన్ని వైర్లలో 12 వోల్టుల పసుపు వైర్లు రెండే. మామూలు పిన్నుకి ఆరు యాంపియర్ల లెక్క వేసుకుంటే రెండూ కలిపి 144 వాట్లు. టీఐ, రిబ్బన్ మీది 3060 చెరో 66 లాగినా 132, ఫ్యాన్లు కలుపుకుంటే అంచుకొచ్చేస్తుంది. నిజంలో అంత లాగవు, కాబట్టి రెండు కార్డుల దాకా ఫర్వాలేదు. మూడో కార్డు కూడా బోర్డు నుంచే తాగితే కాలేది అక్కడే. కొన్ని బోర్డుల్లో స్లాట్ల పక్కన మోలెక్సో సిక్స్ పిన్నో అదనంగా ఇస్తారు, అది ఇందుకే. నీ బోర్డులో ఉంటే పెట్టు, ఉత్తినే అలంకారానికి ఇవ్వలేదు.

చిన్న ఎక్స్1 స్లాట్‌కి కరెంటు లేని రిబ్బన్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఆ స్లాట్ లెక్కే 25 వాట్లు.

450 వాట్లది పక్కన పెట్టెయ్. అవసరం లేదు.

ఏసీ ప్లగ్గు కూడా అక్కర్లేదని నాన్నగారికి చెప్పు. గోడ నుంచి 750 లాగినా 230 వోల్టుల దగ్గర మూడుంపావు యాంపియర్లు. ఎండాకాలంలో వోల్టేజీ 190కి పడిపోయినా నాలుగు. మామూలు ఆరు యాంపియర్ల ప్లగ్గు మోస్తుంది, సాకెట్ బిగువుగా ఉంటే. వదులుగా ఉంటే ఏ ప్లగ్గయినా వేడెక్కుతుంది. గంటకి ముప్పావు యూనిట్ కాలుతుందని కూడా చెప్పు. ఆ మాట వింటే టెన్షన్ వేరే వైపు తిరుగుతుందనుకో.

---

ఒంగోలు రెండర్

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నాన్నకి చదివి వినిపించా. ముప్పావు యూనిట్ దగ్గర నిజంగానే మొహం మారింది.

మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, యూట్యూబ్‌లో చాలామంది రెండు ఎస్‌ఎమ్‌పీఎస్‌లు కలిపి పెడుతున్నారు. 450ది ఎందుకు వద్దన్నారో తెలుసుకుందామని. రెండు, క్యాబినెట్ ముట్టుకుంటే అప్పుడప్పుడూ జివ్వుమంటోంది. రెండో కార్డు రేకు ముట్టుకున్నా అంతే. రైజర్ వల్లనా? అద్దె ఇల్లన్నా, వైరింగ్ ఎప్పటిదో. మూడు, రిబ్బన్ రైజర్ డబ్బా మీద జెన్ 3 (పీసీఐఈ మూడో తరం) అని రాసుంది, కార్డేమో జెన్ 4. గొడవేమైనా వస్తుందా?

---

స్టోన్‌హౌస్‌పేట వైండింగ్

మూడోదానికి ముందు చెప్తా, అది చిన్నది. బీ550లో రెండో పొడుగు స్లాట్ చిప్‌సెట్ నుంచి వస్తుంది, అదెలాగూ జెన్ 3, నాలుగు లేన్లు (డేటా దారులు). కాబట్టి అక్కడ గొడవ లేదు. ఎప్పుడైనా టీఐని కూడా ఆ రిబ్బన్ మీదికి మార్చి పై స్లాట్‌లో పెడితే, బయాస్‌లో ఆ స్లాట్‌ని జెన్ 3కి దించు. లేకపోతే స్క్రీన్ నల్లబడటం, ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడం మొదలవుతాయి, నువ్వేమో కరెంటు తక్కువైందనుకుని ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చుకుంటూ కూర్చుంటావు. బయాస్‌లోనే అబౌవ్ 4జీ డీకోడింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది, మూడు కార్డులు కాబట్టి దాన్ని ఆన్ చెయ్. ఇంకోటి, చాలా బోర్డుల్లో ఈ పొడుగు స్లాటూ చిన్న స్లాటూ లేన్లు పంచుకుంటాయి. ఒకటి వాడితే ఇంకోటి ఆగిపోవచ్చు. మాన్యువల్‌లో ఆ పేజీ చదువుకున్నాకే ఫ్రేము కొలతలు తీసుకో.

రెండు ఎస్‌ఎమ్‌పీఎస్‌ల సంగతి. పెట్టకూడదని కాదు, దానికో పద్ధతుంది. రెండూ ఒకేసారి ఆన్ కావాలి, అందుకు చిన్న పలక దొరుకుతుంది. రైజర్‌కీ, ఆ రైజర్ మీదున్న కార్డు ఎయిట్ పిన్‌కీ కరెంటు ఒకే ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రావాలి, ఒకటి ఇక్కణ్ణుంచీ ఇంకోటి అక్కణ్ణుంచీ కాదు. రిబ్బన్ రైజర్ అయితే స్లాట్ కరెంటు ఎలాగూ మొదటి ఎస్‌ఎమ్‌పీఎస్‌దే కాబట్టి దాని ఎయిట్ పిన్ కూడా మొదటిదానికే పెట్టాలి. మోలెక్స్ పెట్టుకునే రిబ్బన్లు కొన్నున్నాయి, వాటిలో బోర్డు నుంచొచ్చే 12 వోల్టుల దారి తెంచారో లేదో చూడాలి. తెంచకుండా రెండో ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి మోలెక్స్ పెడితే రెండింటి 12 వోల్టులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకటి 12.1, ఇంకోటి 11.9 ఇస్తున్నాయనుకో, ఎక్కువున్నది తక్కువున్నదానిలోకి తోస్తుంది. ఒకటి ఆఫ్‌లో ఉంటే ఇంకా దరిద్రం. యూట్యూబ్‌లో ఇదంతా చెప్పరు, రంగు లైట్లు చూపిస్తారు. 850 నీకు సరిపోతున్నప్పుడు ఈ తలనొప్పి ఎందుకు?

జివ్వుమనడం రైజర్ వల్ల కాదు. నీ ఇంటికి ఎర్త్ లేదు, లేదా ఉండీ ఎండిపోయింది. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఫేజు నుంచి బాడీకి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి ఉంటాయి, రొద బయటికి పోకుండా. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు మిల్లీయాంపియర్ కూడా ఉండదు కాబట్టి జివ్వు తప్ప ఏం కాదంటారు. మనిషికి ఏం కాకపోవచ్చు, మానిటర్ వైరు ఆన్‌లో ఉండగా గుచ్చితే మాత్రం పోర్టు పోవచ్చు. నువ్వు రెండో ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా తగిలిస్తే ఆ లీకేజీ కూడా దీనికి తోడవుతుంది. అదీ 450ది వద్దనడానికి ఇంకో కారణం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టించు. 230 దరిదాపుల్లో చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటీ రెండూ వోల్టులకి మించకూడదు. అద్దె ఇళ్లల్లో మూడు చిల్లుల సాకెట్ ఉంటుంది, పై చిల్లుకి వెనకాల వైరే ఉండదు. వైరుంటే, గుంత ఎక్కడుందో ఇంటాయన్ని అడుగు. ఉప్పూ బొగ్గూ వేసి పైపు దింపిన గుంత అయితే ఎండాకాలంలో నీళ్లు పోస్తుండాలి. రోహిణి కార్తెలో ఎండిపోయిన గుంత ఉన్నా లేనట్టే. మా వైపు రొయ్యల గుంటల మీద ఏరేటర్లు కట్టేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తడి నేల మీద నిలబడి పనిచేస్తారు కాబట్టి ముందు ఎర్త్ చూశాకే మోటారు ముట్టుకుంటారు.

ఇన్వర్టర్ లైనుకి ఈ సిస్టమ్ కలిపి ఉంటే విడదీయించు. ఇంట్లో పెట్టే మామూలు ఇన్వర్టర్ ఈ లోడు మోయదు.

---

చీమకుర్తి ఫ్రేము

నేను నాలుగు కార్డుల రెండర్ సిస్టమ్ నడుపుతున్నా కాబట్టి ఫ్రేము గురించి నాలుగు ముక్కలు.

అడుగున గెలాక్సీ గ్రానైట్ ముక్క వేశా. మా ఊళ్లో పలకలు కోయగా మిగిలిన ముక్కలు అడిగితే ఎవరైనా ఇస్తారు. బరువుంటుంది, కదలదు. దాని మీద అల్యూమినియం యాంగిల్స్‌తో నిలువు కమ్మీలు. వంద మందికి చెప్పినా ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. రైజర్ పలక వెనకాల సోల్డర్ ముక్కలు పొడుచుకొచ్చి ఉంటాయి. దాన్ని అల్యూమినియం మీద నేరుగా బిగిస్తే 12 వోల్టులు బాడీకి తగులుతాయి. ప్లాస్టిక్ స్పేసర్లు వేసి కనీసం పావంగుళం ఎత్తులో బిగించండి, కింద ఫైబర్ షీట్ ముక్క పరవండి. అతి జాగ్రత్త అనుకోవద్దు. 2021లో ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ వాళ్లు హెచ్1 అనే క్యాబినెట్లని ఇందుకే వెనక్కి పిలిచారు. రైజర్‌ని బాడీకి బిగించే మర స్క్రూ లోపలి 12 వోల్టుల పొరకి తగిలి నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలింది. అంత కంపెనీకే ఆ గతి పట్టింది.

కార్డు బరువు రైజర్ మీద పడకూడదు. వెనక రేకుని పై కమ్మీకి స్క్రూ వేసి వేలాడదీయండి, రైజర్ ఊరికే కింద తగులుకుని ఉండాలి. రిబ్బన్‌ని కాగితంలా మడత పెట్టొద్దు, గుండ్రంగా తిప్పండి. మడత పడిన చోట లోపల తీగ తెగితే బయటికి ఏమీ కనపడదు.

ఒంగోలులో మా అంత రాతిపొడి ఉండదనుకుంటా. మా ఇల్లు పాలిషింగ్ షెడ్ల పక్కనే. ఫ్రేము తెరిచి ఉంటుంది కాబట్టి కార్డు రెక్కల మధ్య పొడి చేరి తేమకి గట్టిపడుతుంది. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

స్టోన్‌హౌస్‌పేట అన్నా, నేను మోలెక్స్‌తోనే నడుపుతున్నా, ఒక వైరుకి ఒకే రైజర్. ఇప్పటిదాకా ఇబ్బంది లేదు.

---

స్టోన్‌హౌస్‌పేట వైండింగ్

వైరుకి ఒకటే అయితే ఉండనీ. ఒకే మోలెక్స్ వైరు మీద వరసగా మూడు రైజర్లు గుచ్చేవాళ్లతోనే నా గొడవ. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచొచ్చే మొదటి ముక్కలో మూడింటి కరెంటూ పోతుంది కదా. ఆ గ్రానైట్ ఐడియా బాగుంది.

---

ఒంగోలు రెండర్

పెట్టేశానన్నా. రైజర్‌కి సిక్స్ పిన్, మీరు చెప్పినట్టే టీఐ వైరు మీద రెండో తల. రెండు 3060లూ ఇంకో వైరు మీద. మాన్యువల్ చూస్తే మా బోర్డులో లేన్ల తగాదా రెండో ఎం.2 డిస్కుతో ఉంది, ఆ డిస్కు నాకు లేదు కాబట్టి బతికిపోయా.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలతలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో స్లాట్ కరెంటు విడిగా, ఎయిట్ పిన్ కరెంటు విడిగా చూపిస్తోంది. రెండర్ నడుస్తుంటే రైజర్ మీది 3060 స్లాట్ నుంచి 43, ఎయిట్ పిన్ నుంచి 122 లాగింది. 12 వోల్టులు రైజర్ దగ్గర 11.88. ఇది తక్కువా?

సీను ఎక్కడానికి మాత్రం రైజర్ మీది కార్డు మిగతా రెండింటికంటే ఆలస్యం చేస్తోంది. ఒకసారి ఎక్కాక తేడా తెలియడం లేదు. ఎర్త్ విషయం ఇంటాయనతో మాట్లాడా. సాకెట్ వెనక వైరే లేదట, ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.

---

స్టోన్‌హౌస్‌పేట వైండింగ్

11.88 బాగానే ఉంది. ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు, అంటే 11.4 దాకా. లోడు మీద అది అదేపనిగా దిగుతూ పోతుంటే ఏదో తల వదులైందని అర్థం. 43 లాగుతోంది చూశావా, సాటా పెట్టుంటే దాని హద్దుకి పదకొండు వాట్ల దూరంలో రాత్రంతా నడిచేది. ఒక్క రేకు సరిగా ఆనకపోయినా మిగతా రెండింటి లెక్క 36, అంటే అప్పటికే హద్దు దాటినట్టే.

ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు 3060లకీ పవర్ లిమిట్ 75 శాతానికి దించి చూడు. వేగం కాస్తే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది, వైర్ల మీద భారమూ తగ్గుతుంది. మైనింగ్ చేసిన కార్డులు కాబట్టి ఎలాగూ మెల్లగా నడపడమే మేలు.

ఒక గంట రెండర్ నడిచాక ప్రతి తలనీ వేలి వెనక వైపుతో ముట్టుకుని చూడు, ఎర్త్ వచ్చాకే సుమా. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు తీసేయాలనిపిస్తే ఆపి, తల పీకి మళ్లీ క్లిప్పు చప్పుడొచ్చేదాకా నొక్కు. ఎర్త్ వచ్చేదాకా ఆన్‌లో ఉండగా మానిటర్ వైరు ముట్టుకోవద్దు.

---

కావలి గేమర్

అయితే ఆ 450 వాట్లది ఖాళీయే కదా బ్రో? మా తమ్ముడి సిస్టమ్‌లోది మొన్న ఉరుముల్లో పోయింది. రేటు చెప్పు, ఈసారి ఒంగోలు వచ్చినప్పుడు అద్దంకి బస్టాండ్ దగ్గర తీసుకుంటా.

---

ఒంగోలు రెండర్

సరే బ్రో. రేటు మెసేజ్‌లో మాట్లాడుకుందాం, పవర్ కార్డు కూడా ఇస్తా.